నూనె తాగిన చేను

మా ఊరు కోనసీమలో ఒక చిన్న పల్లె. మెరకన కొబ్బరితోటలు, పల్లాన వరిచేలు. సార్వా, దాళ్వా అని ఏటా రెండు పంటలు; వీలు చిక్కితే మూడో పంటగా మినుమో పెసరో. నా చిన్నతనంలో నేల లోపలి సంపద అంటే మాకు తెలిసినవి కందా, పెండలమూ మాత్రమే. 1980ల నుంచి కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు కోసం, సహజవాయువు కోసం బావులు తవ్వడం ముమ్మరమైంది. కొబ్బరిచెట్ల తలలపైన ఇనుప గోపురాలు లేచాయి. చేల అడుగున గొట్టాలు పరుచుకున్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండినప్పుడు చుట్టుపక్కల పల్లెలకు చీకటి అనేది లేకుండా పోయింది. ఆ మంటను లోకమంతా చూసింది. నేలలోకి చడీచప్పుడూ లేకుండా ఇంకిపోయే నూనెను మాత్రం ఆ చేను గలవాడు తప్ప ఇంకెవరూ చూడరు.

మా పెదనాన్నగారు చూశారు. 1999 డిసెంబరులో, సార్వా కోతలు అయి దాళ్వాకు నీరు పెడుతున్న రోజుల్లో, ఒక రాత్రి ఎక్కడో గొట్టం అతుకు వదిలింది. ముడిచమురు బోదెలో పడి, బోదె వెంట ఆయన ఎకరంన్నర చేలోకి చేరింది. తెల్లవారి చూసేసరికి సుమారు ముప్పై సెంట్ల మేర నల్లని పొర. ఎండ పడినచోట దానిమీద ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తున్నాయి. ఆ గొట్టం తాలూకు సంస్థవారు మనుషులను పంపారు. వాళ్ళు పైపైన తేలిన నూనెను బకెట్లతో తోడి పీపాల్లో పోసుకున్నారు. ఒక పంటకు నష్టపరిహారం లెక్కగట్టి ఇచ్చారు. “మిగిలింది నేలే సర్దుకుంటుందండీ” అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదని నాకు తరవాత తెలిసింది. ఎప్పటికి సర్దుకుంటుందో, ఎలా సర్దుకుంటుందో చెప్పకపోవడంలోనే ఉంది అన్యాయమంతా.

అప్పటికి నేను కాకినాడలో ఒక కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తున్నాను. వార్త విని బస్సెక్కాను కానీ, నిజం చెప్పాలంటే, నా మనసులో బాధతోపాటు కాస్త ఉత్సాహం కూడా ఉంది. ఎందుకంటే ఈ వ్యాధికి మందు నా ప్రయోగశాలలోనే ఉందని నా నమ్మకం.

ఆ మందు కథ చెప్పాలి. కాకినాడలో లారీలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది. ఏళ్ళ తరబడి డీజిలూ ఇంజిను ఆయిలూ ఒలికి అక్కడి నేల నల్లబడిపోయింది. ఏటా నా విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్ళి చిటికెడు మట్టి తెప్పించేవాణ్ణి. నత్రజని, భాస్వరం వంటి లవణాలు కలిపిన నీటిని ఒక గాజు కూజాలో పోసి, అందులో ఆ మట్టిని వేసి, ఆహారంగా కొద్దిగా డీజిలు మాత్రమే చుక్కలుగా కలిపేవాళ్ళం. చక్కెర లేదు, పిండి లేదు. ఆ కూజాను రాత్రింబవళ్ళు కదుపుతూ ఉంచితే కొద్దిరోజుల్లోనే తేటగా ఉన్న నీరు మసకబారేది. పైన తెట్టులా ఉన్న డీజిలు చిన్నచిన్న బిందువులుగా విడిపోయేది. ఆ మసకే బాక్టీరియా. నూనెను తిని పెరిగి, కోట్లకు చేరిన సంతానం. పిల్లలు కూజాను దీపం ముందు పెట్టుకుని చూసి ముచ్చటపడేవారు.

సారవంతమైన మట్టి ఒక గ్రాము తీసుకుంటే అందులో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. వాటిలో సూడోమోనాస్, రోడోకాకస్, అసినెటోబాక్టర్ వంటి కొన్ని జాతులకు చమురులోని హైడ్రోకార్బన్లను జీర్ణించుకునే శక్తి ఉంది. చమురు నీటిలో కలవదు కదా, మరి నీటిలో బతికే అంత చిన్న ప్రాణి దాన్ని ఎలా అందుకుంటుంది? కొన్ని బాక్టీరియా సబ్బు వంటి పదార్థాన్ని స్రవిస్తాయి. దానితో నూనె పొర విరిగి సన్నని తుంపరలవుతుంది. అప్పుడు బాక్టీరియాలోని ఒక ఎంజైము పొడవైన హైడ్రోకార్బన్ గొలుసు కొసకు ప్రాణవాయువును తగిలిస్తుంది. మొదటి తాళం అదే. అది తెరుచుకుంటే ఆ గొలుసు ఆల్కహాలుగా, ఆపైన కొవ్వు ఆమ్లంగా మారుతుంది. ఇక అక్కడినుంచి మనం తిన్న నువ్వులనూనె మన ఒంట్లో ఎలా అరుగుతుందో అదీ అలాగే అరుగుతుంది. రెండేసి కార్బన్ల చొప్పున తెగుతూ పోయి, చివరకు బొగ్గుపులుసు వాయువూ నీరూ మిగులుతాయి.

తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఆనందమోహన్ చక్రవర్తి గారి ప్రస్తావన తప్పకుండా తెచ్చేవాణ్ణి. బెంగాలులో పుట్టిన ఆ శాస్త్రజ్ఞుడు 1971లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, వేర్వేరు సూడోమోనాస్ రకాలకున్న నూనె తినే శక్తులను ఒకే బాక్టీరియాలోకి చేర్చాడు. ప్రాణమున్నదానికి పేటెంటు ఇవ్వకూడదని అధికారులు అడ్డుపడితే, వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1980 జూన్ 16న అయిదుగురు న్యాయమూర్తులు ఆయన పక్షాన, నలుగురు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. పిల్లలు చెవులు రిక్కించి వినేవారు. అయితే ఆ బాక్టీరియాను ఆరుబయట ఏ చమురు తెట్టు మీదా వాడనేలేదన్న సంగతి మాత్రం నేను చెప్పేవాణ్ణి కాదు. దాచాలని కాదు. కథ రక్తికట్టేచోట ఆపడం ఉపాధ్యాయులకు ఉండే బలహీనత.

జనవరిలో రెండు పెద్ద సీసాల నిండా నా బాక్టీరియాను పెంచి ఊరికి తీసుకువెళ్ళాను. దాళ్వా నాట్లు పడ్డాయి. నూనె పడిన ముప్పై సెంట్లనూ వదలబుద్ధి కాక పెదనాన్నగారు అక్కడా నాటించారు. నిండుగా నీరున్న మడిలో నా సీసాలు ఒంపాను. “ఆరు నెలలు చూడండి పెదనాన్నగారూ, నూనె చుక్క ఉండదు” అన్నాను. ఆయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, “నీ చదువు మీద నాకు నమ్మకమేరా” అన్నారు.

ఫిబ్రవరిలో ఆ మేరకు చేను పసుపెక్కింది. మార్చి వచ్చేసరికి మొక్కలు ఒక్కొక్కటే పడిపోయాయి. బురదలో కాలు పెడితే అడుగునుంచి నల్లని బుడగలు లేచి కుళ్ళుకంపు కొట్టేది. ప్రతి నెలా మట్టి తెచ్చి పరీక్ష చేశాను. మట్టిని హెక్సేన్ అనే ద్రావణితో కడిగి, ద్రావణిని ఆవిరి చేసి, బీకరు అడుగున మిగిలిన నూనెను తూచడం ఆ పరీక్ష. తూకం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఈలోగా చేనుకు బేరాలు మొదలయ్యాయి. రొయ్యల చెరువు తవ్వుకుంటాను, చేను కౌలుకివ్వమని ఒకరు. పైమట్టి ఎత్తి మురుగుకాలువలో పోయించుకుంటే పీడ పోతుందని ఇంకొకరు. ఆ కాలువ కింద ఎన్ని చేలున్నాయో ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషికి పట్టలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య, అంటే పెదనాన్నగారి కుమారుడు, అమ్మేయమని ఉత్తరం రాశాడు. అందులో నా సీసాల మీద ఒక వాక్యం ఉంది. అది న్యాయమైన వాక్యమే గనుక దాన్నిక్కడ రాయను.

ఏప్రిల్‌లో దాళ్వా కోతలయ్యాయి. కాలువలు కట్టేశారు. మడిలో నీరు ఇంకి నేల నెర్రెలు తీస్తోంది. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. పెదనాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అడిగారు:

“ఒరేయ్ అబ్బాయీ, ఆ సీసాల్లో పురుగులు ఎక్కడ బతికేవిరా?”

“మట్టిలో బతికేవండి. షెడ్డు దగ్గరి మట్టిలోనుంచి తీశాను.”

“ఆ షెడ్డులో నీళ్ళు నిలుస్తాయా?”

“నిలవవండి.”

“అవి ఊపిరి పీలుస్తాయా?”

“పీలుస్తాయి పెదనాన్నగారూ. ప్రాణవాయువు లేనిదే నూనెను విరగ్గొట్టలేవు.”

“మరి వాటిని తెచ్చి మోకాటిలోతు బురదలో ముంచావేరా!”

ఆయన ఎగతాళి చేయలేదు. కాడి మీద ఎద్దు మొరాయిస్తే ఎందుకు మొరాయించిందో కనుక్కునే మనిషి అడిగినట్టు అడిగారు. నాకు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీరు నిలిచిన నేలలో ప్రాణవాయువు త్వరగా హరించుకుపోతుందనీ, వరి మొక్క కాండంలోని గాలి గదుల ద్వారా వేళ్ళకు ఊపిరి పంపుకుంటుంది గనుకనే ఆ బురదలో బతుకుతుందనీ నేను ఏటా పరీక్షల్లో ప్రశ్నగా ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది ఒక విద్యార్థిని, “నూనెను తినే బాక్టీరియా ఉంటే భూమి అడుగున కోట్ల ఏళ్ళుగా ఉన్న చమురును అవి ఎందుకు తినేయలేదండీ?” అని అడిగితే, అంత లోతున ప్రాణవాయువు ఉండదని, వేడిమి కూడా ఎక్కువని ఠక్కున జవాబు చెప్పాను. గాలి లేకుండా నూనెను విరగ్గొట్టే బాక్టీరియా కొన్ని ఉన్నా, వాటి పని బహుమందం. తరగతిలో తెలిసిన జవాబు మా చేలో నాకు తట్టలేదు.

రెండో సంగతి కూడా ఆయనే అందుకున్నారు. చేను పసుపెక్కడం గురించి నేను నూనె విషమని మాత్రమే అనుకున్నాను. ఆయన, “చివకని గడ్డి దున్నేసి నాటితే చేను ఇలాగే పాలిపోతుంది. పెంటయినా తోలాలి, యూరియా అయినా చల్లాలి” అన్నారు. గడ్డిలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమ ఒంటికి కావలసిన నత్రజనిని నేలలోనుంచి లాగేసుకుంటాయి, మొక్కకు మిగలదు. చమురుదీ అదే లెక్క. అందులో ఎక్కువ భాగం కార్బనే. నత్రజని, భాస్వరం లేవన్నంత తక్కువ. విస్తరి నిండా అన్నమే వడ్డించి, కూరా పప్పూ లేకుండా ఎంత తినమంటే మాత్రం ఎవరు తినగలరు?

కాకినాడ తిరిగి వెళ్ళి గ్రంథాలయంలో కూర్చున్నాను. 1989 మార్చి 24న అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ బండలకు తగిలి దాదాపు నాలుగు కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రం పాలైంది. అక్కడి ఒడ్డున రాళ్ళకు పట్టిన నూనె మీద శాస్త్రజ్ఞులు నత్రజని, భాస్వరం ఉన్న ఎరువులు చల్లారు. ఆ ఒడ్డున సహజంగా ఉన్న బాక్టీరియాయే విజృంభించి, ఎరువు చల్లనిచోటకంటే త్వరగా నూనెను తగ్గించింది. అయితే గాలి చొరని చోట, గులకరాళ్ళ అడుగున చిక్కుకున్న నూనె దశాబ్దాల తరవాత కూడా బయటపడుతూనే ఉంది. మా పెదనాన్నగారు అలాస్కా పేరు వినలేదు.

మే నెల నుంచి పని మొదలుపెట్టాం. ముందుగా ముప్పై సెంట్ల చుట్టూ గట్టు ఎత్తు చేశారు, వానలు పడితే నూనె పక్కవారి చేలోకి పోకుండా. పశువుల ఎరువు తోలారు. ఆ బంకమట్టి గుల్లబారడానికి కొబ్బరిపీచు పొట్టు కలిపారు. కోనసీమలో దానికి కొదవ లేదు. పది రోజులకొకసారి దుక్కి. సాయంత్రాలు చెరువునీరు చిలకరింపు. తడి ఎంత ఉండాలని నేను శాతాల్లో చెప్పబోతే ఆయన ఆపి, మట్టిని పిడికిట పట్టి చూపించారు: నొక్కితే ముద్ద కావాలి, వేలితో తాకితే రాలిపోవాలి. యూరియా ఒక్కసారిగా గుమ్మరించకుండా కొంచెం కొంచెంగా చల్లాం. నేను కొత్త సీసాలేవీ తేలేదు. ఆ చేలోని మట్టినే కాకినాడ తీసుకువెళ్ళి పరీక్షిస్తే, నూనె తినే బాక్టీరియా అందులోనే పుష్కలంగా కనిపించింది. నేను తెచ్చి పోసినవో, అక్కడే పుట్టినవో చెప్పలేను. నూనె పడినచోట అటువంటివి వాటంతట అవే పెరుగుతాయి.

బయటి బాక్టీరియా దండగ అనడం నా ఉద్దేశం కాదు. దిల్లీలోని టెరి సంస్థ శాస్త్రజ్ఞులు నూనె తినే బాక్టీరియా రకాలను కలిపి, గింజ ఒలిచిన మొక్కజొన్న కండెల పొడికి పట్టించి, ‘ఆయిల్ జాపర్’ అనే పేరుతో తయారుచేశారు. దేశంలోని చమురుశుద్ధి కర్మాగారాల వద్ద పేరుకుపోయిన నూనె మడ్డిని శుభ్రం చేయడానికి దాన్ని వాడారు. అయితే వారు కూడా ఆ పొడిని చల్లి ఊరుకోరు. పోషకాలు కలుపుతారు, తడి పెడతారు, నేలను దున్నుతారు. నేను సీసా ఒంపి ఊరుకున్నాను.

జూన్ ఆఖరున తీసిన మట్టిలో మొదటిసారి నూనె తూకం స్పష్టంగా తగ్గింది. ఆ రాత్రే ట్రంకు రోడ్డు దాకా నడిచి ఊరికి ఫోను చేశాను. పెదనాన్నగారు, “నాకు నిన్ననే తెలిసింది. తొలకరి పడింది కదా, మట్టి వాసన వచ్చింది” అన్నారు. తొలకరికి నేలనుంచి లేచే ఆ కమ్మని వాసనకు ముఖ్యకారణం జియోస్మిన్ అనే పదార్థం. స్ట్రెప్టోమైసిస్ వంటి మట్టి బాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. అతి సూక్ష్మమైన మోతాదులో ఉన్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. నా తూనికకన్నా ఆయన ముక్కు ఒకరోజు ముందుంది.

ఆ సార్వాకు అక్కడ వరి వేయలేదు. నీరు నిలవకుండా మురుగు తీసి జనుము చల్లారు. మొలిచింది కానీ మోకాలెత్తు దాటలేదు. దాన్ని అక్కడే కలియదున్నారు. 2001 వేసవిలో మళ్ళీ దుక్కులు. ఆ ఏడు సార్వాకు వరి నాటితే, పలచగానైనా వెన్నులు వేసింది. ఊరివారు వచ్చి చూసి వెళ్ళారు. రొయ్యల చెరువు బేరగాడు కూడా వచ్చాడు.

కోత కోశాక చిక్కు వచ్చింది. ముడిచమురులో గొలుసుల వంటి హైడ్రోకార్బన్లు ముందుగా అరిగిపోతాయి. చక్రాలు చక్రాలుగా అల్లుకున్న కొన్ని సమ్మేళనాలు ఆలస్యంగా పోతాయి. వాటిలో క్యాన్సరు కలిగించేవి ఉన్నాయి. అవి మట్టిలో ఎంత మిగిలాయో, గింజలోకి ఏ మేరకు చేరాయో తేల్చే పరికరం మా కళాశాలలో లేదు. ఆ మాట పెదనాన్నగారితో చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండేళ్ళ కష్టం. చెప్పకుండా ఉండటం అంతకన్నా కష్టమనిపించి చెప్పాను. ఆయన ధాన్యం గాదె వైపు చూశారు. “మనం తినలేని గింజ ఇంకొకరికి అమ్మలేంగా” అన్నారు. ఆ ముప్పై సెంట్ల గింజను ఎకరం పైచిలుకు గింజలో కలిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన విడిగానే ఉంచారు. మరుసటి నెల నేను నమూనాలు పట్టుకుని పెద్ద ప్రయోగశాల ఉన్న చోటికి వెళ్ళాను. ఫలితం వచ్చి, భయం లేదని రాసిన కాగితం చదివి వినిపించేదాకా ఆ బస్తాలు వసారాలో అలాగే ఉన్నాయి.

2017 జనవరిలో చెన్నై దగ్గర ఎన్నూరు తీరాన రెండు ఓడలు ఢీకొని నూనె ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు, యువకులు బకెట్లతో నల్లని మడ్డి తోడుతున్న దృశ్యం టీవీలో చూశాను. మా చేలో తోడినవీ అటువంటి బకెట్లే. ఆ తోడటం అవసరం. దాని తరవాతి రోజులను మాత్రం ఎవరూ టీవీలో చూపించరు.

పెదనాన్నగారు 2004లో కాలం చేశారు. అంతకుముందు ఏడాది తొలకరికి నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆయనకు అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. వాన వెలిశాక ఇద్దరం చేనికి వెళ్ళాం. బోదె పక్కన పల్లపు మూలలో సుమారు ఒక సెంటు మేర ఇంకా నల్లగానే ఉంది. నూనెలోని బరువైన భాగం, రోడ్లకు పరిచే తారు వంటిది, అక్కడ చేరి బిగుసుకుంది. బాక్టీరియాకు అది కొరుకుడు పడదు. గట్టు మీదినుంచి గరిక దాని అంచుదాకా పాకి ఆగింది. ఆయన వంగి అక్కడి మట్టిగడ్డ ఒకటి తీసి, చిదిమి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నాకిచ్చారు. తారు వాసన తప్ప నాకేమీ తెలియలేదు.

“ఇంకో రెండు వేసవి దుక్కులు పడాలి” అని చేతులు దులుపుకుని, మడమతో గట్టు తొక్కుతూ గండి ఎక్కడైనా పడిందేమో చూసుకోవడానికి ముందుకు నడిచారు.